పరంజా

మోతీనగర్‌లో మా కిటికీకి ఎదురుగా
నాలుగో అంతస్తు లేస్తోంది.
సర్వి బాదులు, కొబ్బరి తాళ్లు,
ముడి మీద ముడి వేసుకుంటూ పైకి పాకే సాయిగొండ
ఎక్కడా ఒక్క మేకు కొట్టడు.
"మేకు కొడితే గోడ యాదిపెట్టుకుంటది సార్" అంటాడు
బీడీ చెవి వెనక దోపుకుంటూ.

ఇటువైపు నేనూ
తెర ముందు కూర్చుని ఒక పరంజా కడుతున్నాను.
ఒక్క ఆజ్ఞ ఇస్తే
ఖాళీ ఫోల్డరు లేస్తుంది, దాని కడుపులో ఇంకోటి,
నియమాల కాగితం ఒకటి,
నుదుటి మీద పచ్చబొట్టులా నాలుగు వరుసలు:
నీ పేరేంటి, ఎన్నో కూర్పువి,
ఎవరి గుమ్మం ముందు ఆగాలి,
లోపల ఏమేం ముట్టుకోవచ్చు.
తక్కినదంతా తెల్లగా వదిలేశాను.

పేజీ మనది కాదు. ఎవరో కట్టుకున్నారు.
రాత్రికి రాత్రి తలుపులు మార్చేస్తారు, చెప్పరు.
మనం బయటినుంచి ఒక బాదు ఆనించి
మూలన నక్కిన మీటను ముందుకు జరుపుతాం,
చీమంత అక్షరాన్ని చింతగింజంత చేస్తాం,
అంతే, దిగిపోతాం.

అసలు మొదలైంది బోరబండ మీసేవలో.
నుస్రత్ రోజుకు నూటిరవై ఫారాలు నింపేది.
పుట్టిన తేదీ కొడితే జిల్లా చెరిగిపోయేది,
జిల్లా ఎంచితే తేదీ.
కరెంటు పోయిన ఒక సాయంత్రం
బ్యాటరీ పదకొండు శాతం ఉండగా
పదకొండు వరుసలు రాసిచ్చాను,
టైపుల్లేవు, పరీక్షల్లేవు, తొందర తప్ప ఏమీ లేదు.
"భయ్యా, నా వేళ్లు నాకు మిగిలినయ్" అంది.
ఆ మాట జేబులో వేసుకుని
ఎర్రగడ్డ దాకా నడిచాను.

మూడో నెల పోచవ్వ వచ్చింది.
పింఛను ఆగింది.
కార్డు మీది సంఖ్య సున్నాతో మొదలు.
నా పదకొండు వరుసలు దాన్ని అంకె అనుకున్నాయి,
అంకెకు ముందు సున్నా ఎందుకని
తుడిచేశాయి.
లెక్కలో తప్పేం లేదు.
ఎడమ పక్క సున్నాకు విలువ లేదని
బడిలో నేనూ చదువుకున్నాను.

పోచవ్వకు చదువు రాదు.
సంఖ్య మాత్రం నోటికొచ్చు.
"సున్న" అని ఆగుతుంది, ఊపిరి పీల్చుకుంటుంది,
తర్వాత తొమ్మిది, మళ్లీ తొమ్మిది, ఒకటి...
దారిన పోయేవాణ్ణి ఆపి పిలిచినట్టు.
మూడుసార్లు చెప్పించుకున్నాను.
మూడుసార్లూ సున్న దగ్గరే ఆగింది.

ఆ రాత్రే టైపులున్న భాషలోకి మారాను.
సణుగుతుంది అది.
మా గల్లీ దర్జీ జిలానీలాగ
కొలత రాసుకోనిదే కత్తెర ముట్టదు.
ఇది అంకెనా, అక్షరాల వరుసా?
ఒకవేళ రాకపోతే? ఖాళీగా వస్తే?
జవాబు చెప్పేదాకా
కింద ఎర్రటి వంకర గీత.
విసుగొచ్చి ఎన్నిసార్లు "ఏదైనా సరే" అని రాసి పారేశానో,
మళ్లీ సిగ్గుపడి ఎన్నిసార్లు చెరిపానో.

జీడిమెట్ల సెంటరువాళ్లు మాకూ కావాలన్నారు,
తర్వాత మూసాపేట.
ప్రతిసారీ పునాది నుంచి ఎవరు తవ్వుతారు?
అందుకే ఈ పరంజా.
ఇందులోంచి పుట్టే ప్రతి ఖాళీ ఫైల్లో
మొదటి వరుసగా ఒక వ్యాఖ్య ఉంటుంది:
సున్నాను తుడవకు.
చాలామంది హాస్యమనుకుని తీసేస్తారు.
తీసేసినా పని నడుస్తుంది.

పోయిన వారం ఆ సైటువాళ్లే
జిల్లా తప్పును సరిచేసుకున్నారు.
నుస్రత్ నా స్క్రిప్టు ఆపేసి
"ఇగ అవసరం లేదు భయ్యా" అని మెసేజ్ పెట్టింది.
మంచిదేగా అనుకున్నాను.
టీ చల్లారేదాకా అలాగే అనుకున్నాను.
వేరే పేజీకి ఒకటి తనే రాసుకుందట,
నన్ను అడగకుండా.

ఎదురుగా సాయిగొండ ముడులు విప్పుతున్నాడు.
బాదులు ట్రాలీ ఆటో ఎక్కి నిజాంపేటకు పోతున్నాయి.
గోడకు సున్నం వేశారు,
ఎవరు నిలబడి కట్టారో దానికి తెలీదు.
మా సన్‌షేడ్ మీద మాత్రం
ఒక తాడు ముక్క పడి ఉంది,
ముడి విప్పకుండా.